డోజోలో బెల్టు చూస్తారు.. సెలక్షన్‌లో పాస్‌పోర్టు చూస్తారు

గత ఏడాది జులై రెండో ఆదివారం. టోక్యో తూర్పు వైపున మేముండే వార్డులో కరాటే ప్రాక్టీసుకు నేనూ మా అమ్మాయీ సైకిళ్ళ మీద బయలుదేరాం. స్టేషన్ ముందు ఎన్నికల ప్రచార వ్యాను ఆగి ఉంది. మైకులో ఒకాయన గట్టిగా మాట్లాడుతున్నాడు. విదేశీయుల వల్ల వచ్చే ఇబ్బందులు, జపనీయులకే ముందు పీట అన్న నినాదం, చప్పట్లు. నేను పదహారేళ్ళుగా ఈ దేశంలో ఉన్నా, వేగంగా మాట్లాడితే సగమే అర్థమవుతుంది. ఇక్కడే పుట్టి, ఇక్కడి ప్రభుత్వ బడిలోనే చదువుతున్న మా అమ్మాయికి మొత్తం అర్థమైంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగింది: 'నాన్నా, వాళ్ళు మాట్లాడేది మన గురించేనా?'

ఏం చెప్పాలో తెలియక 'క్లాసుకు ఆలస్యమవుతోంది, పద' అన్నాను.

వార్డు వ్యాయామశాలలో మా సెన్సెయి ఎప్పటిలాగే తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. వయసు డెబ్భై దాటింది. ఎప్పటిలాగే నమస్కారం, ఎప్పటిలాగే రెండు గంటల ప్రాక్టీసు, చివర్లో తడిగుడ్డలతో నేల తుడవడం. బయట మైకులో విన్నదీ, లోపల చేసిందీ ఒకే ఊళ్ళో, ఒకే పూట. ఆ రెంటినీ ఎలా కలిపి అర్థం చేసుకోవాలా అని అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. ఈ వ్యాసం ఆ ఆలోచనే.

గుంటూరు బ్రౌన్ బెల్టు, టోక్యో వైట్ బెల్టు

మా తరం తెలుగు మగపిల్లలకు కరాటే సినిమాల్లోంచి వచ్చింది. సుమన్, భానుచందర్ ఫైట్లు చూసి వీధిలో కాళ్ళు విసిరినవాళ్ళం. గుంటూరులో నేను హైస్కూల్లో ఉండగా వేసవి సెలవుల్లో ఒక మాస్టారు మైదానంలో కరాటే నేర్పేవారు. పెంకులు పగలగొట్టడం, బైకు పొట్ట మీదుగా పోనివ్వడం, చివరి రోజు పెద్దమనుషుల ముందు ప్రదర్శన. మూడు వేసవులకు నా చేతికి బ్రౌన్ బెల్టు, 'ఇంటర్నేషనల్' అని బంగారు అక్షరాలున్న సర్టిఫికెట్టు వచ్చాయి. ఆ మాస్టారిని తప్పు పట్టను. ఆయన దగ్గర మాకు ధైర్యం వచ్చింది. కానీ కరాటే మాత్రం పెద్దగా రాలేదు.

ఆ సంగతి నాకు 2017లో తెలిసింది. అప్పటికి ఎంటెక్ చదువు, బెంగళూరు ఉద్యోగం దాటి టోక్యోలో స్థిరపడి ఎనిమిదేళ్ళు. అయిదేళ్ళ అమ్మాయిని డోజోలో చేర్పించడానికి వెళ్ళి, 'నేనూ కొంత నేర్చుకున్నాను, బ్రౌన్ బెల్టు' అన్నాను. సెన్సెయి కాదనలేదు. 'ఒక్కసారి నిలబడి చూపించండి' అన్నారు. నేను నిలబడ్డాను. ఆయన నా మడమల వైపు, మోకాళ్ళ వైపు చూశారు. తర్వాత చాలా మర్యాదగా, 'మొదటి నుంచి చేద్దామా?' అన్నారు. ఆ రోజు తండ్రీకూతుళ్ళం ఇద్దరం ఒకే వరుసలో, చివరన, తెల్ల బెల్టుతో నిలబడ్డాం. నా ముందు ఎనిమిదేళ్ళ పిల్లవాడు పచ్చ బెల్టుతో ఉన్నాడు. వాడు నాకు సీనియర్. నేల తుడిచేటప్పుడు గుడ్డ ఎలా పిండాలో వాడే నేర్పాడు.

అవమానంగా అనిపించిందా? మొదటి వారం అనిపించింది. తర్వాత అర్థమైంది, ఈ దేశంలో నాకు ఇంత స్పష్టమైన చోటు ఇంకెక్కడా లేదని. ఆఫీసులో నేను విదేశీ ఇంజనీరును. అపార్టుమెంటులో 'ఇండియా ఆయన'ను. అద్దె ఇంటి కోసం తిరిగిన రోజుల్లో, విదేశీయులకు ఇవ్వం అని ముఖం మీదే చెప్పినవాళ్ళున్నారు. డోజోలో మాత్రం నేను తొమ్మిదో క్యూ. అంతే. దానికి పైన ఏముందో, అక్కడికి ఎలా చేరాలో గోడ మీద రాసి ఉంది. అయిదేళ్ళు పట్టింది కానీ 2022లో నల్ల బెల్టు కట్టుకున్నాను. ఇప్పుడు నలభై దాటినవాళ్ళ విభాగంలో ఏడాదికి రెండు పోటీలకు వెళ్తాను. ఎక్కువగా మొదటి రౌండులోనే ఓడిపోతాను. అయినా నమోదు పత్రంలో నా పేరు పక్కన ఉండేది మా డోజో పేరు, దేశం పేరు కాదు.

కరాటే కూడా వలస వచ్చిందే

కరాటే అంటే జపాన్ ప్రాచీన విద్య అని మనలో చాలామంది అనుకుంటాం. అసలు సంగతి వేరు. ఇది ఒకినావా దీవుల విద్య. ఆ దీవులు ఒకప్పుడు ర్యూక్యూ అనే వేరే రాజ్యం. చైనాతో రాకపోకలుండేవి. 1879లో జపాన్ ఆ రాజ్యాన్ని తనలో కలిపేసుకుంది. కరాటే అన్న మాటను అప్పట్లో 'చైనా చెయ్యి' అన్న అర్థం వచ్చే అక్షరాలతో కూడా రాసేవారు.

ఫునకోషి గిచిన్ అనే ఒకినావా బడిపంతులు 1922లో, యాభై దాటిన వయసులో, ప్రదర్శన కోసం టోక్యో వచ్చి ఉండిపోయాడు. ఒకినావా విద్యార్థుల వసతి గృహంలో తలదాచుకుని, అక్కడ ఊడ్చే పని, తోట పని చేస్తూ కరాటే నేర్పాడు. సొంత ఊళ్ళో గౌరవం ఉన్న మనిషి పరాయి నగరంలో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టడం ఎలా ఉంటుందో మన పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

ప్రధాన భూభాగం ఆమోదించడానికి కరాటే కొన్ని మార్చుకుంది. జూడో నుంచి తెల్ల దుస్తులు, బెల్టుల పద్ధతి తీసుకుంది. ఒకినావాలో 'పినాన్' అన్న కటాలను ఫునకోషి 'హెయాన్' అని జపనీస్ చెవికి తగ్గట్టు పిలిచాడు. 'చైనా చెయ్యి' అన్న అక్షరాల స్థానంలో 'ఖాళీ చెయ్యి' అన్న అక్షరాలు స్థిరపడ్డాయి. 1933లో జపాన్ యుద్ధ విద్యల ప్రధాన సంస్థ దానికి గుర్తింపు ఇచ్చింది. 1936 అక్టోబరు 25న నాహాలో ఒకినావా గురువులు సమావేశమై 'ఖాళీ చెయ్యి' అన్న రాతకే మొగ్గు చూపారు. ఆ తేదీనే ఇప్పుడు కరాటే దినంగా జరుపుతున్నారు. యుద్ధం తర్వాత క్యోకుషిన్ కరాటేను స్థాపించి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఒయామా మసుతత్సు పుట్టుకతో కొరియా మనిషి.

ఇదంతా చెప్పడం చరిత్ర పాఠం కోసం కాదు. 'ఇది మా సంస్కృతి, బయటివాళ్ళు పాడుచేస్తారు' అన్న మాట వినిపించినప్పుడు ఈ కథ గుర్తుంచుకోవాలి. జపాన్‌కు గర్వకారణమైన ఈ విద్య ఒకప్పుడు తానే బయటిది. పేరు మార్చుకుంది, బట్టలు మార్చుకుంది, నేల ఊడ్చింది, నిలబడింది. వందేళ్ళకు, 2021 ఆగస్టు 6న, నిప్పోన్ బుడోకాన్‌లో ఒకినావాకు చెందిన కియునా ర్యో పురుషుల కటాలో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. ఒకినావా వాళ్ళకు అదే మొదటి ఒలింపిక్ స్వర్ణం. చనిపోయిన తల్లి ఫొటో పట్టుకుని ఆయన పోడియం ఎక్కాడు. కరోనా వల్ల ప్రేక్షకుల కుర్చీలు ఖాళీ. మేం ఇంట్లో టీవీ ముందు నేల మీద కూర్చుని చూశాం.

పిల్లలు తగ్గుతున్న డోజోలు

మళ్ళీ ఇప్పటికి వద్దాం. జపాన్‌లో 1973లో 20 లక్షల మందికి పైగా పిల్లలు పుట్టారు. 2024లో పుట్టినవాళ్ళు 6.86 లక్షలే. ఈ అంకె వార్తల్లో చదివితే అంకెలాగే ఉంటుంది. డోజోలో నిలబడితే కళ్ళకు కనిపిస్తుంది. మేం చేరినప్పుడు మా పిల్లల క్లాసులో ముప్ఫై మంది ఉండేవాళ్ళు. ఇప్పుడు పద్దెనిమిది. అందులో అయిదుగురు విదేశీ కుటుంబాల పిల్లలు. ఇద్దరు నేపాల్, ఒకరు ఫిలిప్పీన్స్, ఒకరు చైనా, ఒకరు మా అమ్మాయి. ఈ అయిదుగురూ లేకపోతే పిల్లల టీము పోటీకి మనుషులు చాలరు.

దీనికి తోడు బడుల్లో ఒక పెద్ద మార్పు జరుగుతోంది. జపాన్ బడుల్లో సాయంత్రం క్లబ్బులు టీచర్లే నడిపేవారు. పిల్లలు తగ్గారు, టీచర్ల మీద భారం పెరిగింది. దాంతో 2023 నుంచి జూనియర్ హైస్కూలు క్లబ్బులను, ముందుగా సెలవు రోజుల కార్యక్రమాలను, స్థానిక సంఘాలకు అప్పగించే పని ప్రభుత్వం మొదలుపెట్టింది. అంటే పిల్లల ఆటలు బడి గోడ దాటి వార్డు వ్యాయామశాలలకు, మా డోజో లాంటి చిన్న సంఘాలకు వస్తున్నాయి. వాటిని నడిపేది జీతం లేని పెద్దవాళ్ళు. వాళ్ళకు సాయం కావాలి. బల్ల దగ్గర కూర్చుని స్కోరు రాసేవాళ్ళు, పిల్లలను వరుసలో నిలబెట్టేవాళ్ళు, మ్యాట్లు మోసేవాళ్ళు కావాలి.

ఇంకోవైపు రాజకీయం. జపాన్‌లో విదేశీ నివాసుల సంఖ్య 2025 మధ్యకు 39 లక్షలు దాటింది. జనాభాలో మూడు శాతం పైనే. మన భారతీయులం అందులో 50 వేల పైచిలుకు మాత్రమే. నేను చెప్పిన ఆ జులై ఎన్నికల్లో 'జపనీయులే ముందు' అన్న పార్టీ ఎగువ సభలో 14 స్థానాలు గెలిచింది. అక్టోబరులో వచ్చిన కొత్త ప్రభుత్వం విదేశీయుల వ్యవహారాలకు ప్రత్యేకంగా మంత్రిని పెట్టింది. సొంత వ్యాపారం పెట్టుకునేవాళ్ళ వీసాకు కావలసిన పెట్టుబడిని 50 లక్షల యెన్ల నుంచి 3 కోట్ల యెన్లకు పెంచారు. పౌరసత్వ నిబంధనలు కఠినం చేయాలన్న చర్చ నడుస్తోంది. అదే ఏడాది ఆగస్టులో ఇరు దేశాల ప్రధానులు టోక్యోలో కలిసినప్పుడు, అయిదేళ్ళలో రెండు దేశాల మధ్య 5 లక్షల మంది రాకపోకలు, అందులో భారత్ నుంచి 50 వేల మంది నిపుణులు, పనివారు అని లక్ష్యం పెట్టుకున్నారు.

ఒక చేత్తో రమ్మంటున్నారు, ఒక చేత్తో ఆగమంటున్నారు. జపాన్‌కు మనుషులు కావాలి. ఆ మనుషులతో కలిసి బతకడం ఎలాగో మాత్రం ఇంకా తేల్చుకోలేదు. డోజో ఆ ప్రశ్నకు తనదైన జవాబు ఎప్పుడో ఇచ్చేసుకుంది: నువ్వు ఎవరివైనా సరే, వేళకు వచ్చి, వంగి నమస్కరించి, నేల తుడిస్తే నువ్వు మావాడివే. ఎన్నికలైన రెండు వారాలకు సెన్సెయి నన్ను పిలిచి, వార్డు పోటీలో మూడో కోర్టు స్కోరు బల్ల బాధ్యత నాకిచ్చారు. ఎన్నికల గురించి ఒక్క మాట మాట్లాడలేదు. అది ఆయన ఓదార్పో, లేక నిజంగానే మనిషి దొరకలేదో నాకిప్పటికీ తెలియదు. రెండూ అయి ఉండొచ్చు.

అంతా తీపి కాదు. ఆ పోటీలోనే మా అమ్మాయి కటా గెలిచినప్పుడు, వెనక ఎవరో తల్లి పక్కావిడతో 'విదేశీ పిల్లలు ఒళ్ళు బాగా ఎదుగుతారు కదా' అనడం విన్నాను. కటాలో ఒళ్ళుతో పనేమిటి? పిల్ల ఇక్కడే పుట్టింది, ఇక్కడి స్కూలు భోజనమే తింది. మైకులో పేరు పిలిచేవాళ్ళు మన పేర్లను కటకానా లిపిలో చదివేసరికి 'ల' పోయి 'ర' వస్తుంది. లక్ష్మి 'రాకుషుమి' అవుతుంది. ఇవి చిన్నవే. పెద్దది ఇంకోటి ఉంది.

మెట్లు ఎక్కాక కనిపించే గీత

వార్డు పోటీ గెలిచిన రాత్రి, పతకం మెడలో ఉండగానే, మా అమ్మాయి అడిగింది: 'నాన్నా, నేను ఇంకా బాగా ఆడితే ఎవరి తరపున ఆడతాను?'

ఈసారి 'పద' అనడానికి సిగ్నల్ కూడా లేదు. కూర్చుని నిబంధనలు చదివాను. స్థూలంగా ఇదీ పరిస్థితి.

డోజో, వార్డు, నగర స్థాయి పోటీల్లో సభ్యత్వం చాలు. ప్రిఫెక్చర్ల మధ్య ఏటా జరిగే జాతీయ క్రీడోత్సవంలో జపాన్ పౌరసత్వమే ప్రధాన నియమం. శాశ్వత నివాసం ఉన్నవాళ్ళకు, ఇక్కడి బడుల్లో చదివే పిల్లలకు కొన్ని మినహాయింపులున్నాయి. కానీ జపాన్ జట్టులో ఉండాలంటే జపాన్ పాస్‌పోర్టు ఉండాలి. ఇక్కడే పుట్టినా సరే. జపాన్‌లో పుట్టుకతో పౌరసత్వం రాదు, తల్లిదండ్రుల్లో ఒకరు జపాన్ పౌరులై ఉండాలి. మా అమ్మాయి పుట్టింది టోక్యోలో, పాస్‌పోర్టు భారత్‌ది.

సరే, ఇండియా తరపున ఆడదాం అంటే, అక్కడి రాష్ట్ర స్థాయి, జాతీయ స్థాయి పోటీల్లో నెగ్గి రావాలి. ఆ పోటీలు జరిగేది ఇక్కడ బడి ఉన్న రోజుల్లో. మనకు జిల్లా లేదు, రాష్ట్రం లేదు. ఆధార్ చిరునామా గుంటూరులో తాతగారిది. పైగా మన దేశంలో కరాటే పాలన చాలా ఏళ్ళు వివాదాల్లో నలిగింది. 2020లో ప్రపంచ కరాటే సమాఖ్య అప్పటి భారత సమాఖ్య గుర్తింపును తాత్కాలికంగా వెనక్కి తీసుకుంది. తర్వాత కొత్త సంస్థ వచ్చింది. ఊళ్ళల్లో మాత్రం ఒక్కో మాస్టారికి ఒక్కో 'ఇంటర్నేషనల్' సంఘం ఇప్పటికీ ఉంది. ఎవరి దగ్గర గెలిస్తే ఏ జట్టుకు దారో తల్లిదండ్రులకు తేలిగ్గా తెలిసే పరిస్థితి కాదు.

రెండు దేశాల పాస్‌పోర్టులు ఉంచుకోవడం అటు భారత చట్టం ఒప్పుకోదు, ఇటు జపాన్ చట్టమూ ఒప్పుకోదు. ఓసీఐ కార్డు ప్రయాణానికి పనికొస్తుంది, జాతీయ జట్టుకు పనికిరాదు. అంటే పదమూడేళ్ళ పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఇంటిల్లిపాదీ పౌరసత్వం గురించి తేల్చుకోవాలి.

ఇది ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, 2026 సెప్టెంబరు 19 నుంచి అక్టోబరు 4 వరకు ఆసియా క్రీడలు ఐచి-నాగోయాలో జరుగుతాయి. జపాన్‌లో ఇది మూడోసారి: 1958లో టోక్యో, 1994లో హిరోషిమా. కరాటే ఆసియా క్రీడల్లోకి వచ్చింది ఆ హిరోషిమా నుంచే. ఒలింపిక్స్ దారి ఇప్పటికి మూసుకుపోయింది. టోక్యోలో ఒక్కసారి కనిపించిన కరాటే 2024 పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజెలిస్‌లో లేదు. 2028 కోసం క్రికెట్ సహా అయిదు ఆటలను చేర్చిన నిర్ణయం 2023 అక్టోబరులో మన ముంబయిలోనే జరిగింది. క్రికెట్ వచ్చిందని నేనూ సంబరపడ్డాను. కరాటే రాలేదని మా అమ్మాయి రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఒకే వార్తకు రెండు ముఖాలు. ఒలింపిక్స్ లేనప్పుడు ఆసియా పిల్లలకు ప్రపంచ చాంపియన్‌షిప్ తర్వాత పెద్ద వేదిక ఆసియా క్రీడలే. ఆ వేదిక ఈసారి మా ఇంటి నుంచి బుల్లెట్ రైల్లో గంటన్నర, రెండు గంటల దూరం. ఇప్పుడు మా అమ్మాయి వయసు చాలదు. తర్వాతివి 2030లో, దోహాలో. అప్పటికి పద్దెనిమిది వస్తుంది.

మా ఇంట్లో చర్చ

మా ఆవిడ మాట సూటిగా ఉంటుంది: 'పాస్‌పోర్టు మార్చుకోవాలంటే ఉద్యోగం కోసమో, అమ్మానాన్నల కోసమో ఆలోచిద్దాం. ఆట కోసం కాదు.' గుంటూరు నుంచి వీడియో కాల్‌లో మా నాన్నగారు మొదట 'ఆడపిల్లకు ఈ తన్నులాటలెందుకురా' అన్న మనిషి. ఇప్పుడు మనవరాలి పతకం ఫొటోను తన వాకింగు మిత్రులందరికీ పంపి, 'ఇండియాకే ఆడాలి, ఇంకేం ఉంది' అంటున్నారు. ఇండియాకు ఎలా ఆడాలో మాత్రం ఆయన దగ్గర జవాబు లేదు.

నా ఆలోచన ఏడాదిలో రెండుసార్లు మారింది. మొదట కోపం వచ్చింది. నేల తుడిచేటప్పుడు మావాడివి, జట్టు కట్టేటప్పుడు కాదా అని. తర్వాత చల్లబడ్డాక అనిపించింది, ప్రతి దేశమూ జాతీయ జట్టు దగ్గర పాస్‌పోర్టే చూస్తుంది. మన దేశమూ అంతే. అది జపాన్ తప్పు కాదు. అసలు నష్టం ఆ గీత వల్ల కాదు. గీతకు ఈవల ఉన్న మెట్లన్నీ మాకు తెరిచి ఉన్నాయన్న సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియకపోవడం ఒక నష్టం. గీత దగ్గరకు చేరిన పిల్లలకు సొంత దేశం దారి చూపకపోవడం రెండో నష్టం.

2021 ఆగస్టు 7న, నీరజ్ చోప్రా జావెలిన్ స్వర్ణం గెలిచిన అదే రోజు, బుడోకాన్‌లో కరాటే భారీ బరువు ఫైనల్ జరిగింది. సౌదీ ఆటగాడు ఆధిక్యంలో ఉండి ఇరాన్ ఆటగాడి తల మీద కాలితో గట్టిగా కొట్టాడు. ఇరాన్ ఆటగాడు స్పృహ తప్పాడు. గెలిచింది పడిపోయినవాడే. అదుపు లేకుండా కొట్టినందుకు సౌదీ ఆటగాడిని అనర్హుడిగా ప్రకటించారు. ఆఫీసులో నా మిత్రులు నవ్వుకున్నారు, 'ఇదేం ఆట' అని. మా అమ్మాయి మాత్రం ఆశ్చర్యపోలేదు. దెబ్బను తగలాల్సిన చోట ఆపడమే డోజోలో మొదటి నుంచి నేర్పేది. కోపం మీద మాట్లాడబోయినప్పుడు నాకు ఆ ఫైనల్ గుర్తుకొస్తుంది.

మన కుటుంబాలు చేయగలిగింది

జపాన్‌కు కొత్తగా వచ్చే తెలుగువాళ్ళు భారతీయులు ఎక్కువగా ఉండే కాలనీల్లోనే ఇల్లు చూసుకుంటారు. ఇండియన్ స్కూలు, ఇండియన్ కిరాణా, సంక్రాంతికి ముగ్గుల పోటీ, ఉగాదికి పచ్చడి. అవన్నీ కావాలి, నేనూ వెళ్తాను. కానీ వాటితో పాటు ఇరుగుపొరుగు జపనీయులతో వారానికి రెండు గంటలు చెమటోడ్చే చోటు ఒకటి ఉండాలి. కరాటే కాకపోతే కెండో, జూడో, తైకో డప్పులు, బేస్‌బాల్, ఏదైనా. మైకులో మన గురించి ఎవరేమన్నా, మనల్ని పేరుతో ఎరిగిన నలుగురు ఆ ఊళ్ళో ఉండటం వేరు.

చేరేముందు కొన్ని చూసుకోండి. వార్డు వ్యాయామశాలల్లో నడిచే డోజోలు ఖరీదైనవి కావు. మా దగ్గర పిల్లలకు నెలకు 4 వేల యెన్లు. పిల్లల క్రీడా బీమా ఏడాదికి కొన్ని వందల యెన్లే, తప్పక చేయించండి. ఆ డోజో జపాన్ కరాటే సమాఖ్యకు అనుబంధమో కాదో మొదటి రోజే అడగండి. అధికారిక పోటీలకు దారి అదే. మన ఊరి బెల్టు ఇంట్లోనే ఉంచి వెళ్ళండి. తల్లిదండ్రులకు వంతులుంటాయి, తప్పించుకోకండి. భాష రాదని వెనక్కి తగ్గకండి. స్కోరు బల్ల దగ్గర ఎరుపు, నీలం, ఒకటి, రెండు, మూడు తెలిస్తే మొదలుపెట్టొచ్చు. శాకాహారులు శిబిరాలకు డబ్బా తీసుకెళ్ళండి. మా పులిహోర ఇప్పుడు మా డోజో శిబిరంలో ఏటా ఉండే వంటకం.

ఇక మన ప్రభుత్వాలకు ఒక విన్నపం. విదేశాల్లో పెరుగుతూ భారత పాస్‌పోర్టు ఉన్న పిల్లలు కరాటేలోనే కాదు, ఈత, బ్యాడ్మింటన్, జిమ్నాస్టిక్స్‌లలో కూడా ఉన్నారు. వాళ్ళకు జిల్లా, రాష్ట్రం మెట్లతో పని లేకుండా, స్థానిక సమాఖ్య ఫలితాలను చూసి జాతీయ ట్రయల్స్‌కు నేరుగా పిలిచే ఒక పద్ధతి పెడితే ఖర్చేమీ కాదు. ఏడాదికోసారి, సెలవుల్లో, ముందే చెప్పిన తేదీన. 'మీరూ రావచ్చు' అన్న ఒక్క వాక్యం చాలు. లేకపోతే ఆ పిల్లల్లో మెరికలు ఏదో ఒక రోజు పాస్‌పోర్టు మార్చుకుంటారు, లేదా ఆట మానేస్తారు. ఏది జరిగినా మనం వాళ్ళను నిందించలేం.

మా అమ్మాయి ప్రశ్నకు ఇంకా జవాబు చెప్పలేదు. 'పద్దెనిమిదికి నువ్వే చెప్పు, అప్పటిదాకా దారులు వెతకడం నా పని' అన్నాను. 'అయితే అప్పటిదాకా మా డోజో తరపున ఆడతాను' అంది. పోయిన ఆదివారం ప్రాక్టీసు అయ్యాక ఒక కొత్త పిల్లవాడు, ఈ మధ్యే వచ్చిన తమిళ కుటుంబం అబ్బాయి, తడిగుడ్డ పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. మా అమ్మాయి వెళ్ళి వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. గుడ్డ ఎలా పిండాలో చూపించింది.

(రచయిత టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు)